‘ది వర్డ్ ఫర్ వరల్డ్ ఈజ్ ఫారెస్ట్’: చదివినవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఉర్సులా కె. లె గ్విన్ రాసిన ఈ చిన్న నవలని చాలా ఏళ్లుగా స్నేహితులకి, బంధువులకి, ఆఫీసులో పక్క సీటువాళ్లకి ఇచ్చి చదివిస్తున్నాను. పుస్తకం తిరిగివ్వడానికి వచ్చినవాళ్లెవరూ ఊరికే ఇచ్చి వెళ్లిపోరు. గుమ్మంలో నిలబడే అరగంట మాట్లాడతారు, కొందరు కోపంగా, కొందరు దిగులుగా. ఇద్దరు ముగ్గురు సగంలోనే తిరిగిచ్చేశారు. వాళ్ల మాటల్లో మళ్లీ మళ్లీ వచ్చిన ప్రశ్నలూ, వాళ్ల అభిప్రాయాలూ, నాకు తోచిన జవాబులూ ఇక్కడ రాస్తున్నాను. నాలుగో ప్రశ్న నుంచి కథంతా బయటపడిపోతుంది. ఇంకా చదవనివాళ్లు మొదటి మూడూ చూసి ఆగితే మంచిది.

1. అసలు కథేమిటి?

భూమికి 27 కాంతి సంవత్సరాల దూరంలో ఒక గ్రహం ఉంది. సముద్రం, దాని మధ్య దీవులు, ఆ దీవుల నిండా అడవి. అక్కడి మనుషులు మీటరు ఎత్తుంటారు, ఒంటినిండా పచ్చటి బొచ్చు. తమ లోకాన్ని వాళ్లు ‘ఆత్షే’ అంటారు. ఇటు భూమి మీద అడవులు అయిపోయాయి, కలప బంగారం కన్నా ప్రియమైపోయింది. అందుకని భూమి నుంచి సైనికులూ, చెట్లు కొట్టేవాళ్లూ వచ్చి అక్కడ దిగారు. గ్రహానికి ‘న్యూ తాహితి’ అని పేరు పెట్టుకున్నారు. అక్కడివాళ్లని ‘క్రీచీ’లు అన్నారు. జీవి అనే అర్థమున్న ‘క్రీచర్’ని విరిచి చేసిన తిట్టు అది. కాగితం మీద ‘స్వచ్ఛంద కార్మికులు’ అని రాసుకుని, పశువుల దొడ్లలాంటి చోట్ల ఉంచి వెట్టిచాకిరీ చేయించుకున్నారు. పిలవడానికి వీలుగా శామ్, బెన్ అని పేర్లు తగిలించారు.

ఆ శామ్ అసలు పేరు సెల్వర్. అతని భార్య థెలేని కెప్టెన్ డేవిడ్‌సన్ అనేవాడు బలాత్కరించాడు, ఆమె చనిపోయింది. సెల్వర్ ఒంటరిగా వాడి మీదకి వెళ్లి, ప్రాణం పోయేంత దెబ్బలు తిన్నాడు. ల్యుబోవ్ అనే పరిశోధకుడు అడ్డుపడి బతికించాడు. నవల తెరిచేసరికి ఇదంతా జరిగిపోయి ఉంటుంది. హత్య అంటే ఏమిటో ఎరగని జాతికి సెల్వర్ ఇప్పుడు దాన్ని నేర్పబోతున్నాడు.

మొత్తం ఎనిమిది అధ్యాయాలు, రెండు వందల పేజీలు కూడా ఉండదు. అధ్యాయాలు ముగ్గురి కళ్లతో మారుతుంటాయి: డేవిడ్‌సన్, సెల్వర్, ల్యుబోవ్.

2. ఎప్పుడు రాశారు? వియత్నాం యుద్ధం గురించేనా?

అవును, వియత్నాం గురించే. లె గ్విన్ దాచలేదు. 1968 చలికాలంలో ఆవిడ కుటుంబంతో లండన్‌లో ఉన్నారు. అమెరికాలో ఉన్నన్నాళ్లూ అణుపరీక్షలకి వ్యతిరేకంగా, తర్వాత వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా శాంతియుత ఊరేగింపుల్లో తిరిగేవారు. లండన్‌లో ఆ దారి మూసుకుపోయింది. కోపం వెళ్లడానికి కాగితం తప్ప వేరే చోటు లేకపోయింది. కడుపులో పుండ్లున్న బాస్ ఎదురుగా కూర్చుని డిక్టేషన్ ఇస్తున్నట్టు ఈ కథ తన చేత రాయించుకుందని తర్వాత ఒక ముందుమాటలో చెప్పుకున్నారు.

ఆవిడ పెట్టిన పేరు ‘ది లిటిల్ గ్రీన్ మెన్’. సంకలనకర్త హార్లన్ ఎలిసన్ ఆవిడ అనుమతితో ఇప్పుడున్న పేరు పెట్టి, 1972లో ‘అగైన్, డేంజరస్ విజన్స్’ సంకలనంలో వేశారు. 1973లో సైన్స్ ఫిక్షన్‌కి ఇచ్చే హ్యూగో అవార్డు వచ్చింది. విడి పుస్తకంగా వచ్చింది 1976లో.

ఇక్కడ ఒక పొరపాటు చాలామంది నోట విన్నాను. వియత్నాంలోని మై లై ఊళ్లో అమెరికా సైనికులు చేసిన ఊచకోత వార్త చదివి ఆవిడ ఈ కథ రాశారంటారు. తేదీలు చూస్తే అది కుదరదు. ఊచకోత జరిగింది 1968 మార్చిలో, లోకానికి తెలిసింది 1969 నవంబరులో. ఆవిడ రాసేనాటికి ఆ ఊరి పేరు ఎవరూ విని ఉండరు. హెలికాప్టర్ల మీంచి అడవి ఊళ్ల మీద మంటలు కురిపించే సైనికుణ్ణి ఆ వార్త రాకముందే ఆవిడ రాయగలిగారు. అప్పటికే అమెరికా విమానాలు వియత్నాం అడవుల మీద ఆకులు రాల్చే విషం చల్లుతూ ఆరేళ్లు దాటింది. ఆ యుద్ధం ఎటు పోతోందో కళ్లు తెరిచి చూసేవాళ్లకి కనబడుతూనే ఉంది.

3. మొదటి అధ్యాయంలోనే విసుగొచ్చి ఆపేశాను. ముందుకి వెళ్లాలా?

వెళ్లండి. మొదటి అధ్యాయం మొత్తం డేవిడ్‌సన్ బుర్రలో నడుస్తుంది. ఆడవాళ్ల గురించి, అక్కడి జనం గురించి, తోటి సైనికుల గురించి వాడి ఆలోచనలు చదువుతుంటే ఒళ్లు కంపరమెత్తుతుంది. మా పిన్ని కూతురు ఇరవయ్యో పేజీలో మూసేసి “ఇలాంటి మగాళ్లని రోజూ బస్సులో చూస్తూనే ఉన్నానక్కా, మళ్లీ డబ్బులిచ్చి చదవాలా?” అంది. ఆమెని బతిమాలి రెండో అధ్యాయం మొదటి పేజీ ఒక్కటి చదివించాను. అక్కడ గాలికి ఆకులు కదులుతుంటాయి, తుప్పు రంగు, సాయంత్రపు ఎరుపు, లేత పచ్చ ఒకదాంట్లోకి ఒకటి మారిపోతుంటాయి. ఎటు చూసినా తిన్నని దారి లేదు, నేరుగా పడే వెలుగు లేదు. వాక్యాలే నెమ్మదిస్తాయి. డేవిడ్‌సన్ నోట్లో ‘చెట్లు, పనికిరానివి’ అనిపించుకున్న అడవి ఇదేనా అని ఆశ్చర్యమేస్తుంది. ఆ ఆశ్చర్యం కలగాలంటే మొదటి ఇరవై పేజీల చేదు మింగక తప్పదు. ఆమె ఆ రాత్రే పూర్తి చేసింది.

4. డేవిడ్‌సన్ మరీ సినిమా విలన్‌లా లేడూ? మనుషులు అంత చెడ్డగా ఉంటారా?

ఈ నవల మీద అందరికన్నా ఎక్కువ వచ్చే ఫిర్యాదు ఇదే. రచయిత్రి కూడా కొంత ఒప్పుకున్నారు. పూర్తిగా చెడ్డవాళ్లు ఉంటారని తన బుద్ధి నమ్మదనీ, లోపలి మనసు మాత్రం వేరేలా అనుకుంటున్నట్టుందనీ రాశారు. ఈ పుస్తకంలో కొంత మేరకు ఉపదేశానికి లొంగిపోయానని కూడా అన్నారు.

నేను కొంత వరకే ఒప్పుకుంటాను. డేవిడ్‌సన్ మారడు, సందేహపడడు, ఒక్క రాత్రి కూడా నిద్రపట్టక దొర్లడు. పాత్రగా అది లోటే. కానీ వాడి ఆలోచనలు వరసగా ఎలా నడుస్తాయో చూడండి. తానొక్కడే వాస్తవం చూస్తున్నానని నమ్ముతాడు. డంప్ దీవిలో చెట్లన్నీ కొట్టేశాక వానకి మట్టి కొట్టుకుపోయి, వేసిన పంట రాలేదు. పర్యావరణ నిపుణుడు ఆ మాట చెబితే అడ్డొచ్చే మాటగా కనబడుతుందే తప్ప తమ వల్ల అయిందని ఒక్క క్షణం కూడా అనిపించదు. పై నుంచి ఆర్డరొస్తే అది కుట్ర. జనం తిరగబడితే ఎవడో రెచ్చగొట్టాడు. ప్రతి దానికీ ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది, ఏ జవాబులోనూ తన తప్పుండదు. ఇలా మాట్లాడేవాళ్లు నాకు తెలుసు. వాళ్ల చేతిలో తుపాకీ లేదు, అంతే తేడా.

5. చివరికి ఆత్షేవాళ్లే గెలిచారు కదా, మరి ముగింపు అంత దిగులుగా ఎందుకుంది?

ఈ పుస్తకం నేను ఇంతమందికి ఇచ్చింది ఈ ప్రశ్న కోసమే. అందుకని దీని దగ్గర కాసేపు ఆగుతాను.

వలస వచ్చినవాళ్లని తరిమికొట్టే కథల్లో గెలుపు దగ్గర తెర పడుతుంది. జెండా ఎగురుతుంది, పాట వస్తుంది. ఇక్కడ కూడా గెలిచారు. స్మిత్ క్యాంపు తగలబెట్టారు, సెంట్రల్‌విల్ మీద రాత్రికి రాత్రి పడి నేలమట్టం చేశారు, చివరికి భూమివాళ్లు మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయారు. ఇక రారు కూడా. అంత గెలిచినా సెల్వర్ మాటల్లో సంతోషం వెతికితే దొరకదు.

ఎందుకో తెలియాలంటే అంతకు ముందు వాళ్లు ఎలా బతికారో చూడాలి. ఇద్దరికి గొడవొస్తే పాటల పోటీ పెట్టుకునేవాళ్లు. కోపం చెయ్యి దాటబోతే ఎదుటివాడు వెల్లకిలా పడుకుని మెడ చూపేవాడు. ఆ భంగిమ చూశాక చెయ్యి లేవదు. పిల్లల ఆటలో ‘తూచ్’ అన్నాక ఎవరూ ముట్టుకోనట్టే, కాకపోతే అక్కడ అది ప్రాణానికి సంబంధించిన విషయం. మొదటి అధ్యాయం చివర ఒక దృశ్యం ఉంది. తగలబడ్డ క్యాంపు దగ్గర సెల్వర్‌కి డేవిడ్‌సన్ ఒంటరిగా దొరికాడు. నేల మీద వెల్లకిలా పడి ఉన్నాడు. భార్యని పొట్టన పెట్టుకున్నవాడు, కాళ్ల దగ్గర, చేతిలో ఆయుధం లేకుండా. సెల్వర్ వాడి మీదకి వంగి పాట పాడాడు. వదిలేశాడు. డేవిడ్‌సన్‌కి ఏమీ అర్థం కాలేదు, వీళ్లు పిరికిపందలనుకున్నాడు. మొదటిసారి చదివినప్పుడు నాకూ అర్థం కాలేదు. రెండోసారి ఆ పేజీ దగ్గర పుస్తకం పక్కన పెట్టేసి చాలాసేపు కూర్చున్నాను.

వాళ్ల భాషలో ‘షాబ్’ అనే మాటుంది. దేవుడు అని ఒక అర్థం, అనువాదకుడు అని ఇంకో అర్థం. కలల కాలంలో చూసినదాన్ని మెలకువ లోకంలోకి మోసుకొచ్చేవాడు దేవుడు. కొత్త పాట తెచ్చినవాడు దేవుడే, కొత్త చావు తెచ్చినవాడూ దేవుడే. సెల్వర్ తెచ్చింది రెండోది. భూమివాళ్ల దగ్గర చూసిన హత్యని తన వాళ్ల భాషలోకి అనువదించాడు. ఒకసారి భాషలోకి వచ్చిన మాటని వెనక్కి పంపలేం. చివర్లో హైన్ గ్రహం నుంచి వచ్చిన లెపెన్నన్‌తో అతను చెప్పేది ఇదే: ఒకరినొకరు చంపుకోవడం మాకు తెలియదని ఇక నటించి లాభం లేదు.

డేవిడ్‌సన్‌ని పట్టుకున్నప్పుడు కూడా చంపలేదు. నువ్వు నాకు చంపడం కానుకగా ఇచ్చావు, నేను నీకు చంపకపోవడం ఇస్తున్నాను అన్నాడు. చెట్టు లేని ఆ డంప్ దీవిలో వాణ్ణి వదిలేశారు. ఈ దృశ్యం చదివి “భలే శిక్ష!” అన్నవాళ్లున్నారు. నాకది శిక్షలా అనిపించలేదు. తన దగ్గర మిగిలిన ఆఖరి పాత అలవాటుని సెల్వర్ గట్టిగా పట్టుకుని వేలాడుతున్నాడనిపించింది.

మా అమ్మకి ఇంగ్లీషు రాదు. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే పక్కన కూర్చుని రెండు మూడు రోజులు కథంతా చెప్పాను. యుద్ధం దగ్గర ఏమీ అనలేదు. అంతా విన్నాక, “అయితే ఆ పిల్లాడికి మళ్లీ కలలొచ్చాయా?” అని అడిగింది. ఇన్నేళ్లలో ఇంకెవరూ ఆ ప్రశ్న అడగలేదు. కలగనడం వాళ్లకి ఊపిరి తీసుకోవడం లాంటిదని నేను చెప్పింది ఆమె పట్టుకుంది. ఆ రాత్రి చివరి రెండు అధ్యాయాలూ మళ్లీ చదివాను. కలలొస్తాయి. కానీ అందులో చనిపోయిన ల్యుబోవ్ ఉంటాడు. ల్యుబోవ్ ఇక్కడే ఉండిపోతాడు, డేవిడ్‌సన్ కూడా ఉండిపోతాడు అంటాడు సెల్వర్. తన తర్వాత జనం మళ్లీ పూర్వంలా ఉంటారేమో, తనకి మాత్రం ఆ నమ్మకం లేదంటాడు. అమ్మకి అదే చెప్పాను. “పాపం” అని గిన్నె తీసుకుని లోపలికి వెళ్లింది.

6. సెంట్రల్‌విల్ దాడిలో ఆడవాళ్లనీ చంపేశారు. దాన్ని ఎలా క్షమించాలి?

క్షమించమని నవల అడగడం లేదు. బందీగా ఉన్న గాస్ అనే భూమి మనిషి సెల్వర్‌ని సూటిగా అడుగుతాడు. సెల్వర్ జవాబు చల్లగా ఉంటుంది: ఆడవాళ్లు వచ్చారంటే పిల్లల్ని కంటారు, పిల్లలు పుట్టాక మీరిక వెళ్లరు, అందుకే. లెక్క తప్పని జవాబు. అంతకన్నా భయపెట్టే వాక్యం ఈ పుస్తకంలో లేదు. ఆ లెక్క వేసిన సెల్వర్ మొదటి అధ్యాయంలో శత్రువు మీద వంగి పాట పాడిన సెల్వరే అని గుర్తు తెచ్చుకోండి.

“వాళ్లు అలా చెయ్యక తప్పలేదు” అనేవాళ్లూ, “ఇక్కడి నుంచి ఆత్షేవాళ్ల మీద జాలి పోయింది” అనేవాళ్లూ ఇద్దరూ నాకు తారసపడ్డారు. ఇద్దరూ తొందరపడుతున్నారు. ఈ రెండు మాటల్లో ఏదో ఒకదాని మీద కూర్చోగలిగితే నవల అక్కడే అయిపోయేది.

నా ఫిర్యాదు వేరే ఉంది. కొత్తగా ఓడ దిగిన 212 మంది ఆడవాళ్లని డేవిడ్‌సన్ పశువుల సంతలో లెక్కపెట్టినట్టు లెక్కపెడతాడు. అది వాడి చూపు, సరే. కానీ పుస్తకం అయిపోయేదాకా వాళ్లలో ఒక్కరు కూడా మనతో మాట్లాడరు. ఎందుకొచ్చారు, భూమి మీద ఎవరిని వదిలి వచ్చారు, ఆ రాత్రి ఏం చూశారు, ఏమీ తెలియదు. ఆత్షే వైపు మాత్రం ఊళ్లు నడిపేది ఆడవాళ్లే, ఎబోర్ డెండెప్ అనే ముసలావిడ మాట అందరూ వింటారు. అటు అంత ఇచ్చిన రచయిత్రి ఇటు ఒక్క గొంతు ఇచ్చి ఉండాల్సింది. ఈ మాట అన్న ఆడవాళ్లందరితోనూ నేను ఏకీభవిస్తాను.

7. రాజ్ ల్యుబోవ్ మనవాడా? మంచివాడా, పిరికివాడా?

రాజ్ మన పేరే. ల్యుబోవ్ అంటే రష్యన్‌లో ప్రేమ. కథాకాలానికి భూమి మీద జాతులన్నీ కలిసిపోయాయి, పేర్లూ అలాగే ఉంటాయి. ఆసియావాళ్లూ, ‘హిందీ రకాలూ’ కొందరు పుట్టుకతోనే ద్రోహులని డేవిడ్‌సన్ ఒకచోట అనుకుంటాడు. ఆ ముక్క చదివి ఉలిక్కిపడ్డ తెలుగువాళ్లని చూశాను. ఆక్రమించే సైన్యానికి కమాండర్ కర్నల్ డాంగ్ అనే వియత్నామీయుడు కావడం కూడా ఊరికే జరగలేదు. ఒకనాటి బాధితుల మనవలు ఇంకో గ్రహంలో యజమానులై కూర్చోవచ్చని ఆవిడ చెబుతున్నారు. ఈ సంగతి మనలాంటి దేశాలవాళ్లు కాస్త ఆగి ఆలోచించదగ్గది.

ల్యుబోవ్ సంగతికొస్తే, అతను సెల్వర్‌కి స్నేహితుడు. ఇద్దరూ కలిసి ఆ భాషని కాగితం మీద పెట్టారు. ఫలానా రాత్రికి ఊళ్లో ఉండొద్దని సెల్వర్ ముందే హెచ్చరించాడు. ల్యుబోవ్ ఊరు వదల్లేదు, ఆ హెచ్చరిక తన వాళ్లకీ చెప్పలేదు. దాడిలో చనిపోయాడు. చెప్పి ఉంటే సెల్వర్‌కి ద్రోహం, చెప్పకపోతే తన ఊరికి ద్రోహం. పిరికివాడు అని తేల్చేసేవాళ్లు తాము ఆ కుర్చీలో ఉంటే ఏం చేసేవాళ్లో చెప్పమంటే నసుగుతారు.

లె గ్విన్ తండ్రి ఆల్ఫ్రెడ్ క్రోబర్ పేరున్న మానవశాస్త్రవేత్త, జీవితమంతా కాలిఫోర్నియా మూలవాసుల మధ్య పనిచేశాడు. ల్యుబోవ్ చేతులు నలుపుకుంటూ తిరిగే ఆ పేజీల్లో ఆ ఇంట్లో పెరిగిన పిల్ల చూపు ఉందని నా నమ్మకం.

8. మెలకువలో కలగనే మనుషులు, హత్య తెలియని సమాజం. ఇదంతా నమ్మదగ్గదేనా?

కథ రాశాక, చార్లెస్ టార్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మలేషియా అడవుల్లోని సెనోయ్ జనం గురించి ఆవిడకి చెప్పారు. వాళ్లు కలల్ని జీవితానికి మధ్యలో పెట్టుకుని, గొడవలు లేకుండా బతుకుతారని కిల్టన్ స్టూవర్ట్ అనే ఆయన రాసి ఉన్నాడు. తాను ఊహించినదానికి దగ్గరగా ఉన్న జనం నిజంగా ఉన్నారని ఆవిడ సంతోషించారు. తర్వాత వచ్చిన పరిశోధకులు స్టూవర్ట్ రాసినదాంట్లో చాలా భాగం నిలబడదని తేల్చారు. కాబట్టి సెనోయ్‌లని చూపించి నవలని రుజువు చెయ్యబోవద్దు. నవల లోపలి లెక్క ప్రకారం ఆ సమాజం నిలబడుతుందా అని చూడండి. నాకు నిలబడింది. వాళ్ల భాషలో కల, వేరు రెండూ ఒకే మాట అని తెలిసిన చోట నేను పూర్తిగా నమ్మేశాను.

9. అన్సిబుల్ అంటే ఏమిటి? అది రాగానే అంత గొడవ ఎందుకు?

ఎంత దూరానికైనా ఆ క్షణంలోనే సందేశం చేర్చే యంత్రం. అది లేనప్పుడు పరిస్థితి చూడండి. భూమి 27 కాంతి సంవత్సరాల దూరం. కాంతి వేగంతో కబురు పంపినా చేరడానికి 27 ఏళ్లు, జవాబు రావడానికి ఇంకో 27. మొత్తం 54 ఏళ్లు. ఇవాళ చేసిన తప్పుకి సంజాయిషీ అడిగే కాగితం వచ్చేసరికి చేసినవాడు ఉండడు. అంటే గ్రహం మీద ఉన్న ఆఫీసరే చట్టం. ఈస్టిండియా కంపెనీ రోజుల్లో లండన్ నుంచి మద్రాసుకి ఉత్తరం ఓడలో ఇంచుమించు ఆరు నెలలు వచ్చేది. ఆ సందులో ఇక్కడి దొరలు ఏమేం చెయ్యగలిగారో మన చరిత్ర చదివినవాళ్లకి విడమర్చి చెప్పక్కర్లేదు.

అన్సిబుల్ రాగానే భూమి మీద పద్ధతులు ఎప్పుడో మారిపోయాయని తెలుస్తుంది, వెట్టి కార్మికులని వదిలెయ్యమని ఆర్డర్లు వస్తాయి. డేవిడ్‌సన్ ఆ యంత్రమే బూటకమంటాడు.

10. ‘అవతార్’ సినిమా దీన్ని కాపీ కొట్టిందా?

2009లో ఆ సినిమా వచ్చినప్పటి నుంచి ఈ ప్రశ్న ఆగలేదు. అడవి లోకం, అక్కడ ఖనిజం కోసం, ఇక్కడ కలప కోసం దోపిడీ, హెలికాప్టర్లు, తిరుగుబాటు. పోలికలు కళ్లకి కొడుతూ కనబడతాయి. లె గ్విన్ తర్వాత ఒక ముందుమాటలో పేరు చెప్పకుండా భారీ ఖర్చుతో తీసిన ఒక సినిమాని ప్రస్తావించారు. తన కథలో తేలని సమస్యగా మిగిలిన సామూహిక హింసని అందులో పరిష్కారంగా చూపించారని, దానితో తనకి సంబంధం లేనందుకు సంతోషమని రాశారు. కాపీయా కాదా అన్న గొడవ కన్నా ఈ మాట నాకు ముఖ్యం. ఇంకో తేడా, ఇక్కడ బయటి నుంచి వచ్చి నాయకుడయ్యే భూమి మనిషి లేడు. ల్యుబోవ్ రక్షించేవాడు కాలేకపోయాడు, చనిపోయాడు.

11. చదువుతుంటే మన మన్యం, మన ఆదివాసులే గుర్తొచ్చారు. అలా చదవొచ్చా?

గుర్తు రాకపోతే ఆశ్చర్యపోవాలి. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక మన్యంలో పోడు కొట్టుకోవడం, కట్టెలు తెచ్చుకోవడం నేరమైపోయింది. నర్సీపట్నం నుంచి లంబసింగికి వేసిన ఘాట్ రోడ్డు పనికి కొండవాళ్లని తోలుకెళ్లి సరైన కూలి ఇవ్వలేదు. 1922లో అల్లూరి సీతారామరాజు వెనక వాళ్లు లేవడానికి ఇవన్నీ కారణాలు. ‘స్వచ్ఛంద కార్మికులు’ అన్న మాట నవల్లో చదివినప్పుడు నాకు ఆ రోడ్డే కళ్లముందు కనబడింది. ఆదిలాబాద్ వైపు పాఠకులైతే జోడేఘాట్ కొమరం భీంని తలుచుకోకుండా ఉండలేరు.

అయితే ఒక జాగ్రత్త. ఆత్షేవాళ్లు కల్పించిన మనుషులు. హత్య ఎరగని, కలల్లో తేలే జాతిగా వాళ్లని కావాలని అలా మలిచారు. కోయలు, కొండరెడ్లు, గోండులు కల్పన కాదు. వాళ్లకి వేటలున్నాయి, తగాదాలున్నాయి, రాజ్యాలున్నాయి. చాందాలో, అంటే ఇప్పటి చంద్రపూర్‌లో, గోండు రాజుల కోట ఇప్పటికీ ఉంది. అడవిలో ఉండేవాళ్లంటే ఏమీ తెలియని అమాయకులు అనుకోవడం కూడా వాళ్లని తక్కువ చెయ్యడమే. పోలికని అన్యాయం జరిగిన తీరు దగ్గర ఆపండి, మనుషుల దాకా లాగకండి.

12. పేరుని తెలుగులో ఎలా చెప్పాలి?

‘లోకానికి వాళ్ల మాట అడవి’ అని నేను చెబుతుంటాను. ‘అడవే లోకం’ అంటే పాట పల్లవిలా ఉండి అసలు సంగతి జారిపోతుంది. ఇక్కడ ముఖ్యం ‘మాట’. ఆత్షే అంటే లోకం, ఆత్షే అంటే అడవి, రెండిటికీ ఒకే పేరు.

ల్యుబోవ్ ఒకచోట ఆలోచిస్తాడు: భూమివాళ్ల మాటలో మట్టికీ గ్రహానికీ ఒకే పేరు, ఈ జనానికి మాత్రం లోకం అడవితో తయారైంది. ఇంగ్లీషు ‘ఎర్త్’ గురించి ఆ మాట. తెలుగులోనూ అచ్చంగా అంతే. “భూమి గుండ్రంగా ఉంది” అంటాం, “మాకు రెండెకరాల భూమి ఉంది” అంటాం. మనిషి పోతే మట్టిలో కలిశాడంటాం. మనకి లోకం అంటే దున్నేది, కొలిచేది, రిజిస్ట్రేషన్ చేయించుకునేది. చెట్లు కొట్టి చదును చేస్తే ‘భూమి బాగుపడింది’ అని మా తాతగారి తరం అనేది, నిజాయితీగానే అనేది. ఆత్షే భాషలో ఆ వాక్యం చెప్పడానికే కుదరదు. చెట్లు కొట్టేస్తే అక్కడ లోకమే ఉండదు కదా.

13. పిల్లలకి ఇవ్వొచ్చా? ఇంగ్లీషు కష్టమా?

ఇంటర్ దాటినవాళ్లకి ఇవ్వండి. అత్యాచారం ప్రస్తావన ఉంది, హింస ఉంది, మొదటి అధ్యాయంలో భాష మొరటుగా ఉంటుంది. చిన్నపిల్లలకి వద్దు. ఇంగ్లీషు పెద్ద కష్టం కాదు, కొత్త పేర్లతోనే మొదట్లో కాస్త తికమక. పేర్లు ఒక కాగితం మీద రాసుకుంటే రెండో అధ్యాయం నుంచి సాఫీగా సాగిపోతుంది.

14. దీని తర్వాత ఏం చదవాలి?

ఇదే విశ్వంలో ఆవిడ రాసిన ‘ది లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్’ 1969లో వచ్చింది, ‘ది డిస్పొసెస్‌డ్’ 1974లో. ఏది ముందు చదివినా ఇబ్బంది లేదు. అన్సిబుల్ వెనకున్న సిద్ధాంతం ఎలా పుట్టిందో రెండో దాంట్లో ఉంది.

నన్నడిగితే మాత్రం వాటికన్నా ముందు ఇంకో పుస్తకం చేతిలో పెడతాను. లె గ్విన్ తల్లి థియోడోరా క్రోబర్ 1961లో రాసిన ‘ఇషి ఇన్ టూ వరల్డ్స్’. అది నవల కాదు, నిజం. కాలిఫోర్నియాలో యాహి అనే తెగని తెల్లవాళ్లు వేటాడి తుడిచిపెట్టారు. మిగిలిన ఒకే ఒక్క మనిషి 1911లో ఆకలితో ఓరోవిల్ ఊరి దగ్గరికి వచ్చాడు. తీసుకెళ్లి మ్యూజియంలో చోటిచ్చారు. అక్కడే ఉండి, క్షయతో 1916లో చనిపోయాడు. వాళ్ల ఆచారంలో ఎవరూ తమ పేరు తాము చెప్పుకోరు, తన వాడొకడు పక్కనుండి పరిచయం చెయ్యాలి. చెప్పడానికి తన వాళ్లెవరూ మిగల్లేదు. పిలవడానికి ఏదో ఒకటి ఉండాలని లె గ్విన్ తండ్రే ‘ఇషి’ అని పెట్టాడు. ఆ భాషలో మనిషి అని అర్థం. అసలు పేరు ఎవరికీ తెలియదు.